ఊరు దాటిన ఓరుగల్లు



యాత్ర యనగానే మనకు కాశీరామేశ్వరములు, గంగాగోదావరులు తలపునకు వచ్చును. మనుష్యులు చేయు యాత్రలను గూర్చి వ్రాసినవారు పెక్కురు; వస్తువులు చేయు యాత్రలను గూర్చి తలచువారు తక్కువ. ఒక యింట బుట్టిన పిల్ల అత్తవారింటికి బోయి, అచట వేరొక యింటిపేరు పెట్టుకొని, రెండుమూడు తరములు గడచునప్పటికి ఆమె పుట్టినిల్లేదో చెప్పువారు లేకపోవుట మన యెఱిగినదే. అట్లే యొక యూర బుట్టిన వస్తువు సముద్రములు దాటి, ఎవరి సొత్తో యయి, ఏ దూరదేశపు పట్టణముననో గాజుపెట్టెలో నిలిచియుండును. దాని క్రింది చీటిలో కొన్నవారి పేరుండును, దానమిచ్చినవారి పేరుండును, వచ్చి చేరిన సంవత్సర ముండును. చేసినవారి పేరు మాత్రము తరచుగా నుండదు.

నా భర్త ఓరుగల్లున ఉపాధ్యాయులు. పాఠశాలకు సెలవులు వచ్చినపుడు పిల్లలతో గూడ మేము చూచి వచ్చినవి కొన్నియు, గ్రంథములలో జదివినవి కొన్నియు జేర్చి, మా యూరినుండి లోకముమీదికి బోయిన వస్తువులను గూర్చి, లోకమునుండి మన తెలుగునేలకు వచ్చినవానిని గూర్చి మీకు విన్నవింప నెంచితిని.

ముందుగా ఊరి పేరే చూడుడు. ఓరుగల్లనగా నొక్క రాయి. దానినే సంస్కృతమున ఏకశిలానగర మనిరి. కోటలోపల నిలిచియున్న ఆ యొంటిగుండును మా పిల్లలు పరుగున నెక్కి దిగుచుందురు. తెలంగాణపు నల్లసేనపు రాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మన పురాణములలోని యుగసంఖ్యలను విని నవ్వువారు సయితము ఈ లెక్కకు తలవంచవలసినదే. చెట్టు పుట్టకమునుపు, చేప పుట్టకమునుపు, భూగర్భమున కరగి చల్లారి గడ్డకట్టిన యీ రాతిమీద గూర్చుండి మనము పులిహోర తినుచున్నాము! కొండ యెక్కడికిని పోలేదు గనుక దాని పేరు దానికి నిలిచినది. పైగా ఊరికి గూడ ఆ పేరే యిచ్చినది. కదలని వస్తువునకు గల భాగ్యమిది.

ఆ రాతి చుట్టును గణపతిదేవుడు రాతికోట నారంభింపగా, ఆతని కూతురు రుద్రమదేవి దానిని మఱింత యెత్తు గావించినది. నలువది యయిదు బురుజుల యా కోట నడుమ, స్వయంభూదేవుని యాలయమునకు నలుదిక్కుల నాలుగు కీర్తితోరణములు నేటికిని నిలిచియున్నవి. 1323లో ఢిల్లీ సైన్యములు కోటను గైకొన్న పిమ్మట ఆలయము శిథిలమైనది. తోరణములు మాత్రము వాకిలి మిగిలి యిల్లు పోయిన చందమున నిలిచినవి. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినపుడు ఆ తోరణమే రాజముద్రలో జేరినది. దాని నీడన పడియున్న స్తంభములను, హంసల బారులను, విరిగిన నందులను జూచునపుడు, ఇంతటి పని చేసిన చేతులెవరివో యని మనసున తోపక మానదు. కట్టించిన ప్రభువుల పేర్లు శాసనములందు జదువుకొందుము. చెక్కినవారి పేర్లను గాలి చదువుకొనుచున్నది.

ఓరుగల్లు సముద్రమునకు దూరమైన యూరు. అయినను కాకతీయుల కాలమున లోకపు వస్తువులు దీని యంగళ్లకు జేరుచుండెను. దానికి సాక్ష్యము నేటి బాపట్ల జిల్లాలో సముద్రతీరముననున్న మోటుపల్లి గ్రామమున గలదు. అచటి వీరభద్రాలయమున గణపతిదేవుడు 1244–45 ప్రాంతమున వేయించిన యభయశాసన మొకటి గలదు. అంతకుముందు రాజులు, గాలివానకు జిక్కి తీరమునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిని దీసికొనుచుండిరట. ఒడలిలోని ప్రాణముకంటె ఓడలోని ధనమునే వర్తకుడు ప్రియముగా నెంచునని యెఱిగిన గణపతిదేవుడు, ఇకమీదట నట్లు జరుగదనియు, ఎగుమతి దిగుమతులమీద ముప్పదింట నొకపాలు సుంకము తప్ప వేరేమియు దీసికొనననియు మాట యిచ్చినాడు.

ఆ శాసనములోని వస్తువుల పట్టీ చదువుచుండగా మన యింటి పెట్టెలే తెఱచినట్లుండును: చందనము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, ఏనుగుదంతము, జవ్వాది, పగడము, రాగి, తుత్తునాగము, సీసము, పట్టునూలు, మిరియాలు, పోకలు. చీనదేశపు కర్పూరము మన హారతిపళ్లెరమునకు వచ్చి వెలిగినది. ఏ సముద్రగర్భముననో బుట్టిన పగడము మన పిల్లల మెడలో మొలిచినది. ప్రదర్శనశాలలు లేని యా దినములలో మన పూజగది, వంటిల్లు, పాన్‌దాను ఇవియే ప్రపంచపు వస్తుప్రదర్శనశాలలు. అయితే యచట వస్తువునకు గాజుపెట్టె లేదు; వాడుక గలదు.

వచ్చినవానితోపాటు పోయినవియు గలవు. 1290 ప్రాంతమున వెనీసు పట్టణపు వర్తకుడు మార్కో పోలో ఈ దేశమును మోటుపల్లి పేరుతోనే పేర్కొని, ఇచటి సన్నని వస్త్రములు సాలెగూటి దారములవలె నుండుననియు, వానిని ధరించుటకు ప్రపంచమున నే రాజైనను రాణియైనను సంతోషించుననియు భావము వచ్చునట్లు వ్రాసినాడు. వజ్రములను గూర్చి యొక వింతకథయు జెప్పినాడు: లోతైన లోయలలో పాములు కాచుచుండునట, జనులు మాంసఖండములను లోనికి విసరగా, వానికంటుకొన్న వజ్రములను గ్రద్దలు పైకి గొనివచ్చునట! ఈ దేశము నేలు రాణి మిగుల న్యాయశీల యనియు బొగడినాడు. కాని యామె పేరు చెప్పలేదు. పైగా భర్త గతించిన పిమ్మట నాతని రాజ్యమేలుచున్న వితంతువని వ్రాసినాడు. ఆమె మన రుద్రమదేవి యనియే పండితు లెన్నుచున్నారు. ఆమె రాజ్యమేలినది రాజునకు భార్యయై కాదు, గణపతిదేవునకు కూతురై. చూచితిరా! సింహాసనమెక్కిన స్త్రీకే దేశము దాటిన కథలో పేరు మిగులలేదు; సాలెగూటివంటి వస్త్రమునకు నూలు వడికిన స్త్రీకి మిగులునా?

తరువాత 1310లో మాలిక్ కాఫురు దండెత్తివచ్చి ప్రతాపరుద్రునివద్ద గైకొన్న ధనమును వేయి యొంటెలు మోయలేక మూల్గినవని ఆనాటి కవి అమీర్ ఖుస్రో వర్ణించినాడు. ఆ ధనములోనిదే కోహినూరు వజ్రమని మా యూరిలో జిన్నపిల్లవాడు సయితము చెప్పును. భద్రకాళీదేవి కన్నుగా నుండెడిదని వృద్ధులు చెప్పుదురు. ఇది జనశ్రుతి. ఆ పేరుతో ఆ వజ్రము చరిత్రకెక్కినది 1739లో నాదిర్షా ఢిల్లీని గొల్లగొట్టిన పిమ్మటనే. అటుపిమ్మట పారసీకులు, ఆఫ్‌గనులు, పంజాబు ప్రభువు రంజిత్ సింగు, ఆయన బాలకుమారుడు దులీప్ సింగు, 1849లో ఆ బాలునివద్దనుండి ఆంగ్లేయులు—ఇట్లు చేతులు మారిన ప్రతివాని పేరును చరిత్రలో గలదు. రాయి యొక్కటే, దానికి యజమానుల వంశవృక్షము రామాయణమంత.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. 1851లో లండను నగరపు హైడుపార్కున, ఇనుముతోను గాజుతోను గట్టిన స్ఫటికసౌధమున, సకలదేశవస్తువుల మహాప్రదర్శనము జరిగినది. మే నెలనుండి అక్టోబరువఱకు సుమారు 60 లక్షలమంది దానిని జూచిరి. హిందూదేశపు విభాగమునకు వలయు వస్తువులను ఈస్టిండియా కంపెనీవారు సేకరించి పంపిరి. అచట కోహినూరును ఇనుపకటకటాల పంజరమున బెట్టిరి. జనులు గుంపులుగా మూగి చూచి, ఇంతేనా యని పెదవి విఱిచిరి. ఆ రాయి వారు తలచినంత మెఱయలేదు. అందుచేతనే మరుసటి సంవత్సరము దానిని మఱల సానబట్టించిరి. 186 క్యారట్ల రాయి 105.6 క్యారట్లకు దిగినది.

అదే సౌధమున, ఆ గుంపులకు గొంతదూరముగా, ఓరుగల్లున నేసిన పట్టుతివాచీలు పఱచియుండెను. వజ్రము ఓరుగల్లుదను మాటకు జనశ్రుతియే సాక్షి. తివాచీ ఓరుగల్లుదను మాటకు తివాచీయే సాక్షి. హిందూదేశపు చేతిపనులమీద 1880లో గ్రంథము ప్రకటించిన జార్జి బర్డ్‌వుడ్ ఆ తివాచీలను దలచుకొని, అడుగు నేతలో సుమారు 12,000 ముళ్లు గలవనియు, రంగులు ఒకదానితో నొకటి పూర్తిగా బొసగినవనియు, చదరపు గజము వెల పది పౌనులకు దక్కువగాదనియు వ్రాసినాడు. పది పౌను లనగా ఆ దినములలో ఒక బీదకుటుంబమునకు నెలల తరబడి గ్రాసము. కృత్రిమమైన రసాయనవర్ణము మొట్టమొదట పుట్టినది 1856లో. కావున ఆ తివాచీలలోని ప్రతి వన్నెయు చెట్టునుండియో వేరునుండియో పురుగునుండియో తీసినదే.

పన్నెండువేల ముళ్లనగా నేమో యొకింత ఆలోచింపుడు. మనము పూలదండ గట్టునపుడు పూవు పూవునకు నొక ముడి వేయుదుము. మూర దండ గట్టునప్పటికే మెడ నొచ్చును. తివాచీ నేయువారు నిలువునా బిగించిన పడుగుదారములమీద రంగురంగుల పట్టునూలును ముడివేసి, కత్తితో దెగగోసి, ఒక వరుస నిండగానే పేక దారము నడిపి, పంజాతో గ్రుద్ది బిగింపవలెను. అట్టి వరుసలు వందలు చేరిన గాని ఒక పూవు పూయదు. ఒక్క ముడి తప్పిన పూరేకు వంకరపోవును. ఆ ప్రదర్శనమున గొన్న వస్తువులతోనే 1852లో ఆరంభమైన ప్రదర్శనశాల నేడు విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమను పేర లండనున వెలయుచున్నది. ఓరుగల్లు తివాచీలకు అందు స్థానము గలదు. చీటిలో ఊరి పేరు గలదు. నేసినవారి పేరు లేదు. రాతికి యజమానులందఱి పేర్లును నిలువగా, ముళ్లు వేసిన వేళ్లకు పేరు నిలువకపోవుట యేమి న్యాయము?

మా యూరిలో మట్టెవాడ, కొత్తవాడ యను పేటలు చిరకాలమునుండి నేతగాండ్ర నెలవులు. ఔరంగజేబు దండుతో వచ్చిన పనివారు తివాచీ నేత నిచట నాటిరని యొక మాట గలదు. పద్మశాలీలును, ముస్లిము నేతగాండ్రును ఈ విద్యను బంచుకొనిరి. ముళ్లు వేయు తివాచీలు క్రమముగా సన్నగిల్లినవి. ముడి లేక పడుగు పేకలతోనే నేయు నూలు జంపఖానాలు నిలిచినవి. వీనినే కొందఱు శత్రంజీలందురు. పెండ్లిపందిళ్లలో, పురాణకాలక్షేపములలో, పాఠశాలల సభలలో మనము గూర్చుండు చారల జంపఖానాలివియే. జంపఖానాలో పేక పడుగును బూర్తిగా గప్పివేయును. అందుచేత రెండువైపుల నొకేరీతిని రంగు గనబడును. ఒక వైపు మాసిన మఱియొక వైపు త్రిప్పుకొనవచ్చును. సంసారికి ఇంతకంటె మేలైన వస్తువేది?

నేను కొత్తవాడలో నొక యింటికి బోయితిని. ముందరి గదినిండ మగ్గము. దాని చెంత ఇద్దఱు మగవారు కూర్చుండి నేయుచుండిరి. వెనుకవసారాలో నొక వృద్ధురాలును, ఆమె కోడలును రాట్నము ద్రిప్పుచు కండెలు చుట్టుచుండిరి. నూలు విప్పుట, రంగులవారీగా వేఱుచేయుట, కండెలు చుట్టుట, పడుగు సాగదీయుట, అంచుకుచ్చులు ముడివేయుట ఇవన్నియు స్త్రీల పనులే. మగ్గముమీద వస్త్రము పుట్టకమునుపును, దిగిన పిమ్మటను దానిని జూచునది ఆడుదియే. అయినను ఆ యింటివారి నడుగగా “నేసేది ఇద్దరమే” అని మగవారు చెప్పిరి. కండెలు చుట్టుట నేతలోనికి రాదు గాబోలు! మన యిండ్లలో బియ్య మేరుట, పప్పు నానవేయుట వంటలోనికి రాదు గదా!

నేను జంపఖానా కొని, “అవ్వా, నీ పేరేమి? నీ కోడలి పేరేమి?” అని యడిగితిని. ఆమె నవ్వి యిట్లనినది: “మా పేర్లతోని ఏం పనమ్మా? కొన్నోల్లు ధర అడుగుతరు, రంగు పోతదా అని అడుగుతరు. నేసినోల్ల పేరు ఇంతవరకు ఎవ్వలు అడగలే. కండెలు సుట్టినోల్ల పేరు ఎవ్వలడుగుతరు?” నేను మఱల నడుగగా, చెప్పినది, కాని “పత్రికల మాత్రం ఎయ్యకుండ్రి” అనినది. ఆమె కోరిక ప్రకారము ఆ పేర్ల నిచట వ్రాయలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ జంపఖానా మూలను, లోపలి మడతలో, నల్లదారముతో ఆ యత్తాకోడండ్ర పేర్లను, మగ్గముమీది యిద్దఱి పేర్లను, సంవత్సరమును గుట్టితిని. రెండు గంటలలో ముగిసిన పని. రెండువందల యేండ్ల తరువాత నెవరైన ఆ మూలను విప్పిచూచిన, నలుగురు మనుష్యులు వారికి గనబడుదురు.

ఈ విద్యకు వచ్చిన కష్టములు పెక్కులు. 19వ శతాబ్దపు చివరి భాగమునుండి చెరసాలలలో ఖైదీలచేత తివాచీలు నేయించు పద్ధతి దేశమంతట వ్యాపించినది. ఓరుగల్లు చెరసాల తివాచీలును ఆ కాలమున బేరుపొందినవే. చెరసాలలో చవుకగా నేయబడిన సరకుతో ఇంటి మగ్గము పోటీపడవలసివచ్చెను. బర్డ్‌వుడ్ చెరసాల నేతను, రసాయనపు రంగులను గట్టిగా నిందించినాడు. ఆ చెరసాల కట్టడమును 2021లో గూల్చివేసి, ఆ స్థలమున ఆసుపత్రి నిర్మాణమునకు బూనిరి. 1934లో నెలకొల్పబడి వేలమందికి గూడుబెట్టిన ఆజంజాహి మిల్లును మూతబడినది. నేతగాండ్రు సూరతునకు, భివండీకి, షోలాపురమునకు వలసపోయి అచట మరమగ్గములమీద కూలికి గుదిరిరి. మన పెండ్లిపందిళ్లలో బ్లాస్టిక్కు చాపలు వచ్చి జంపఖానాలను మూలకు నెట్టినవి.

2018లో ఓరుగల్లు జంపఖానాలకు భౌగోళికసూచికయను ప్రభుత్వపు గుర్తింపు లభించినది. అనగా ఇతరదేశముల సరకునకు ఈ పేరు పెట్టి యమ్మరాదు. ఇది మంచిదే. 1851లో లండనున నున్న చీటివలెనే దీనియందును ఊరి పేరున్నది. ఊరి పేరు నిలిచిన కొంత న్యాయము జరిగినట్లే. కాని ఊరనునది మనుష్యులు లేని మట్టిగాదు గదా.

పేరు లేకున్నను వస్తువును బ్రాణమువలె గాపాడినవారు లోకమున గలరు. వారిని గూర్చి చెప్పకపోవుట దోషము. జపానుదేశపు క్యోటో నగరమున ప్రతి జూలై నెలలోను గియోను ఉత్సవము జరుగును. మన రథోత్సవమువంటిదే. ఒక్కొక్క వీథివారు ఒక్కొక్క రథము నలంకరించి యూరేగింతురు. ఆ రథములకు గట్టు వస్త్రములలో యూరోపుదేశపు చిత్రకంబళ్లు గలవు, పారసీకపు తివాచీలు గలవు, మన దక్కనుదేశపు తివాచీలును గలవు. 17, 18 శతాబ్దములలో డచ్చివర్తకులు మన మచిలీబందరు మొదలగు రేవులలో సరకు కొని, తూర్పుదీవులమీదుగా జపానునకు జేర్చుచుండిరి. 1641 మొదలు రెండువందల యేండ్లకు పైగా యూరోపువారిలో నాగసాకి రేవున నడుగిడుటకు వారికి మాత్రమే యనుమతి యుండెను. ఆ తివాచీలను క్యోటోలో కాపాడినది రాజు గాడు, ప్రదర్శనశాల గాదు. వీథిలోని సామాన్యగృహస్థులు. వర్షము వచ్చిన గప్పి, ఎండ తగులనీయక, చుట్టి భద్రపఱచి, తాత మనుమనికి, అత్త కోడలికి అప్పగించి, మూడువందల యేండ్లు నిలిపిరి. మన దేశమున చీడపురుగుల పాలైన నేతపని వారి యుత్సవములో నేటికిని వీథి వెడలుచున్నది. మన చేతులలో బుట్టిన వస్తువు పరుల యిండ్లలో పెద్దకోడలివలె మన్ననపొందుట చూచి సంతోషింపవలెను. మన యింట నదేల లేదని కొంత సిగ్గుపడవలెను.

పోయినవే కాక వచ్చినవియు గలవంటిని. మేము పిల్లలతో భాగ్యనగరమునకు బోయినపుడు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తుశాలను జూచితిమి. 1930లో నెలకొల్పబడిన యా శాలలో ఈజిప్టుదేశపు మమ్మీ యొకటి గలదు. రెండువేల యేండ్లకు పైబడిన యా దేహము నైషు అను రాజకుమారిదని శాలవారు చెప్పుదురు. నజీర్ నవాజ్ జంగు ఆ మమ్మీని గొనివచ్చి యేడవ నిజామునకు సమర్పింపగా, ఆయన పురావస్తుశాల కిచ్చినాడు. నీలనది యొడ్డున తల్లిదండ్రులు చుట్టబెట్టి నిద్రబుచ్చిన పిల్ల, మూసీనది యొడ్డున గాజుపెట్టెలో మేలుకొనక పండుకొనియున్నది. మా చిన్నది అద్దమునకు ముఖ మానించి, “అమ్మా, వీళ్ల అమ్మకు తెలుసా, ఈ పిల్ల ఇక్కడున్నట్లు?” అని యడిగినది. నేనేమి చెప్పుదును? లండనులోని మన తివాచీని జూచి యే యాంగ్లబాలికయైన నిట్లే యడిగియుండునా యని తలచితిని. ఆ రాజకుమారికి ఒక భాగ్యము మాత్రము దక్కినది: చీటిమీద ఆమె పేరున్నది. పేరున్నది గనుకనే మా చిన్నదానికి ఆమె వస్తువుగా గాక, ఒక తల్లి కన్న పిల్లగా దోచినది.

అదే నగరమున బిర్లా విజ్ఞానకేంద్రమున మఱియొక యద్భుతము గలదు. అది సుమారు 18 కోట్ల సంవత్సరముల క్రింద గోదావరీ ప్రాణహితల లోయలో సంచరించిన శాకాహారియగు రాక్షసిబల్లి యస్థిపంజరము. పొడవు సుమారు 30 అడుగులు. ఒకప్పటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి గ్రామమునొద్ద భూగర్భశాఖవారు త్రవ్వితీయగా, 1988లో యాదగిరియను శాస్త్రజ్ఞుడు దానికి నామకరణము చేసినాడు. ప్రాణహిత యొడ్డునున్న కోట గ్రామము పేరును, యామన్‌పల్లి పేరును గలిపి “కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్” అనినాడు. ఆ లోయలోనే 1961లో దొరకిన మఱియొక జంతువునకు, అది రవీంద్రనాథ ఠాకూరుల శతజయంతి సంవత్సర మగుటచే, 1975లో ఆయన పేరు గలిపి “బారాపాసారస్ టాగోరై” అని పేరిడిరి. దాని యస్థిపంజరము కలకత్తాలోని గణాంకశాస్త్రసంస్థలో గలదు.

ఇందులో గ్రహింపదగినదేమన, శాస్త్రజ్ఞుల కొక నియమము గలదు. ఎక్కడ దొరకినది, ఎవరు వర్ణించినది, ఏ సంవత్సరమున, ఇవి చెప్పనిదే వారు వస్తువును లెక్కలోనికి దీసికొనరు. అందుచేత పటములో వెదకినను గనబడని మన చిన్నపల్లె పేరు అమెరికాలోని పండితుడును, చీనదేశపు పండితుడును బలుకవలసివచ్చినది. 18 కోట్ల యేండ్లనాటి బొమిక తన పుట్టినూరి పేరు చెప్పుకొనుచున్నది. నూటడెబ్బదియేండ్లనాటి తివాచీ తన తల్లి పేరు చెప్పలేకున్నది. లోపము వస్తువులో లేదు. వ్రాసిపెట్టు నలవాటులో నున్నది.

సోదరీమణులారా! ఆ యలవాటు మన చేతిలోనిదే. ప్రతి యింటను ఒక చిన్న ప్రదర్శనశాల గలదు. అమ్మమ్మనాటి ఉగ్గుగిన్నె, గవ్వలతో నాడిన పచ్చీసు గుడ్డ, వామనగుంటల పీట, పెండ్లినాటి పట్టుచీర, అటకమీది కంచుకాగు, అత్తగారు అల్లిన తోరణము, మూలనున్న జంపఖానా. వీనికన్నిటికిని గథలు గలవు. ఆ కథలు పెద్దవారి నోట నున్నవి. వారు పోయిన దినమున కథ పోవును, వస్తువు మిగులును, మఱునాడది పాతసామానుల వానికి బోవును.

కావున చేయవలసినది స్వల్పము. ఒక చిన్న కాగితముమీద ఈ యైదు మాటలు వ్రాయుడు: ఇది ఏమి, ఏ యూరిలో జేయబడినది, ఎవరు చేసినది, ఎవరు వాడినది, ఏ సంవత్సరమున మన యింటికి వచ్చినది. తెలిసినంతవఱకే వ్రాయుడు. పెన్సిలుతో వ్రాయుట మేలు. సిరా చెమ్మకు బ్రాకి వస్త్రమును మఱకచేయును. చీటిని సూదితో గ్రుచ్చక, మెత్తని నూలుదారముతో గట్టుడు. జంపఖానాలను, తివాచీలను మడతపెట్టక గుండ్రముగా జుట్టి, ఉతికిన పాతచీరలో గట్టి, నేలచెమ్మ తగులనిచోట నుంచుడు. పట్టుచీరలను ఏటికి రెండుమారులు దీసి, నీడపట్టున నారవైచి, మడతల చోటు మార్చి పెట్టుడు. ఒకే మడతమీద నున్న జరీ తెగిపోవును. క్రొత్త వస్తువును గొనునపుడు, చేసినవారు ఎదుట నున్నచో, పేరడుగుడు. బేరమాడుటకు జంకని మనము పేరడుగుటకేల జంకవలెను?

ఓరుగల్లునకు వచ్చువారు వేయిస్తంభముల గుడిని, కోటను, పాలంపేట రామప్పగుడిని జూచి పోవుదురు. చూడవలసినవే. 2021లో రామప్పగుడి ప్రపంచవారసత్వ సంపదలలో జేరినది. నీటిమీద దేలు దాని యిటుకలను గూర్చి దేశదేశములవారు ముచ్చటించుకొనుచున్నారు. ఆ గుడిని జూచి మఱలునపుడు కొత్తవాడ వీథిలో నొక గడియ నిలువుడని నా మనవి. మగ్గపు చప్పుడు విన్నచోట లోనికి బోయి, వెనుకవసారాలో రాట్నము ద్రిప్పుచున్న యామెను బలుకరింపుడు. ఒక జంపఖానా కొనుడు. ఆమె పేరడిగి, ఇంటికి జేరిన దినముననే దాని మూలను గుట్టుడు.